వాదీ బండికి శారీ గార్డు

ఆ బండి నీకెందుకు అని అడగని మనిషి లేడు. రూమ్‌లో అడిగారు, వర్క్‌షాపులో అడిగారు, ఊళ్లో అడిగారు. టీ తాగడానికి వెళ్తే కొట్టు మలయాళీ కూడా అడిగాడు. అందరికీ నా జవాబు ఒకటే: నాకు కావాలి. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే, శుక్రవారం నీకు బిర్యానీ ఎందుకు, పప్పన్నంతో కడుపు నిండదా అని తిరిగి అడిగేవాణ్ని. అక్కడితో ఊరుకునేవారు.

మావాళ్లలో ఒక పద్ధతి ఉంది. గల్ఫ్‌కు వచ్చినవాడు ఎవరికైనా ఏమైనా కొనొచ్చు, తనకు మాత్రం కొనుక్కోకూడదు. బావమరిదికి ఫోను కొనొచ్చు, తోడల్లుడికి వాచీ కొనొచ్చు, వాడకట్టంతా పంచడానికి సెంటు సీసాలూ మందపాటి దుప్పట్లూ మోసుకుపోవచ్చు. తను మాత్రం కంపెనీ ఇచ్చిన బూట్లతోనే విమానం ఎక్కాలి. అలా ఎక్కినవాణ్ని బుద్ధిమంతుడంటారు. నేనూ చాలా ఏళ్లు బుద్ధిమంతుడిగానే ఉన్నాను. ఇంటికి పంపాల్సింది ఏనాడూ ఆపలేదు, ఇప్పుడూ ఆపను. పంపగా మిగిలినదాంతో నేనేం చేసుకుంటే ఎవరికేం నొప్పి?

ఒమాన్‌లో రుస్తాఖ్ అనే ఊళ్లో గేట్లూ రేకుల షెడ్లూ చేసే చిన్న వర్క్‌షాపులో నేను వెల్డర్ని. మాది జగిత్యాల వైపు ఊరు. ఖర్జూర తోటలకు పోయి గేట్ల కొలతలు తీసుకురావడానికి మా అర్బాబ్, అంటే వర్క్‌షాపు యజమాని, మొదట్లో ఒక చిన్న బండి ఇచ్చి నాకు మోటర్‌సైకిల్ లైసెన్సు కూడా తీయించాడు. ఆ బండి తుప్పు పట్టి పోయింది, లైసెన్సు మిగిలింది. అప్పటి నుంచి కొలతలకు పికప్‌లోనే పోతున్నాం. దారిలో కొండల మధ్య వాదీ కనిపిస్తుంది. వాదీ అంటే ఇక్కడి వాగు. నీళ్లు ఎప్పుడో గానీ రావు, మిగతా రోజులన్నీ గుండ్రాళ్లే. సెలవు రోజుల్లో ఆ రాళ్ల మీద డర్ట్ బైకులు పోతుండేవి. ఆ నడిపేవాళ్లు సీటు మీద కూర్చునేవాళ్లు కాదు, ఫుట్‌రెస్టుల మీద నిటారుగా నిలబడేవాళ్లు. ఆ నిలబడడం నాకు నచ్చింది. పొద్దస్తమానం నడుము వంచి వెల్డింగ్ చేసే నాకు, అలా నిలబడి గాలికి ఎదురుపోవాలని ఎంత కోరికగా ఉండేదో మాటల్లో చెప్పలేను.

ఒక కాలేజీలో పాఠాలు చెప్పే తెల్లాయన దేశం వదిలి పోతున్నాడు. ఇంటి గేటుకు అతుకు వేయాలని పిలిపించాడు. పని చేస్తూ చేస్తూ చూస్తే, వెనక రేకుల కింద డర్ట్ బైకు. హెడ్‌లైటు లేదు, ఇండికేటర్లు లేవు, అద్దాలు లేవు, హారన్ లేదు. నంబరు ప్లేటు తగిలించే చోటు కూడా విప్పేసి ఉంది. అసలు ఇది రోడ్డు బండే, కాగితాలున్నాయి, బరువు తగ్గాలని నేనే అన్నీ పీకేశాను అన్నాడాయన. నువ్వు కొన్నా రోడ్డెక్కనివ్వరు, ట్రాలీ మీద వాదీకి తీసుకుపోవాలి అని కూడా చెప్పాడు.

"నాకు ట్రాలీ లేదు సార్. రోడ్డు మీద పోయే వాదీలో దిగుతా," అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. నేను పొట్టివాణ్ని, బండి గేదెంత ఎత్తుంది. చూసి, ఏమనుకున్నాడో ఏమో, లోపలికి పోయి ఒక అట్టపెట్టె తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో విప్పేసిన సామానంతా ఉంది, సగం విరిగి, సగం బాగుండి. బండి బేరం అక్కడే అయిపోయింది.

పికప్‌లో వేసుకుని వర్క్‌షాపుకు తెచ్చేసరికి రూమ్ మొత్తం వచ్చి నిలబడింది. మా రూమ్‌లో పెద్ద మనిషి ఒకాయన ఉన్నాడు, నిర్మల్ వైపు తాపీ మేస్త్రి. అందరం మామా అని పిలుస్తాం. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"అల్లుడా, దీన్ని ఎక్కాలంటే నిచ్చెన గావాలె గదా."

"నిచ్చెన చేసుడు నా పనే గదా మామా," అన్నాను.

ఎక్కి చూపించాను. రెండు కాళ్లూ గాల్లోనే ఉన్నాయి. అందరూ నవ్వారు. నవ్వనీ అనుకుని, మొదట సీటే విప్పాను. రెగ్జిన్ ఊడదీసి, లోపలి స్పాంజిని హ్యాక్సా బ్లేడుతో పలచగా కోసి, మళ్లీ రెగ్జిన్ లాగి బిగించాను. ఈసారి ఎక్కితే ఒక కాలి మునివేళ్లు నేలకు ఆనాయి. నాకది చాలు.

ఆ తర్వాత వారం వారం సెలవు మధ్యాహ్నాలన్నీ బండికే. అర్బాబ్ ఒక మూల ఇచ్చాడు, నా పని అయ్యాక నీ పని అన్నాడు, అంతకు మించి అడ్డు చెప్పలేదు. పెట్టెలోని హెడ్‌లైటు తగిలించాను. ఇండికేటర్లు స్క్రాపు కొట్లో వెతికి తెచ్చాను. హారన్ ఒక పాత స్కూటర్‌ది. తెల్లాయన బిగించిన పొగ గొట్టం ఊరంతా వినపడేట్టు అరిచేది, అది తీసేసి పెట్టెలోని అసలు సైలెన్సరుకు పడిన చిల్లి పూడ్చి మళ్లీ బిగించాను. నంబరు ప్లేటుకు స్టాండు చేశాను. వెనక కూర్చునేవాళ్లకు ఫుట్‌రెస్టులు పెట్టెలో అడుగున దొరికాయి, అవీ తగిలించాను. అలా పని చేసుకుంటూ పోతుంటే ఎడమవైపు వెనక చక్రం బోసిగా అనిపించింది. పక్కన సన్న కడ్డీ ముక్కలు పడి ఉన్నాయి. వంచాను, అతికాను, రాపిడి పట్టాను, నల్ల రంగేశాను. గుంతలో పడ్డప్పుడు చక్రం పైకి లేచినా తగలకుండా జాగా వదిలి బోల్టులతో బిగించాను.

శారీ గార్డు.

ఒమాన్‌లో, రాళ్ల వాదీలో గెంతే బండికి, ఎవరూ అడక్కుండానే, నేను శారీ గార్డు చేశాను. చేస్తున్నంతసేపూ అది వింత అని నాకు తోచలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మన దగ్గర షోరూమ్ దాటే ప్రతి బండికీ ఎడమ పక్కన ఆ కడ్డీల జాలీ ఉంటుంది, ఆడవాళ్లు ఒక పక్కకు కూర్చుంటే కొంగు చక్రంలో పడకుండా. ఊళ్లో ఉన్నప్పుడు నేను కొన్న పాత బండికి ఆ జాలీ తుప్పు పట్టి ఊడిపోయి వచ్చింది. నా భార్య బీడీలు చుడుతుంది. ఒకరోజు బీడీల గంప ఒళ్లో పెట్టుకుని కంపెనీలో అప్పజెప్పడానికి నా వెనక వస్తుంటే కొంగు చక్రంలో పడింది. ఆమె మట్టి రోడ్డు మీద పడిపోయింది. లేచి మొదట బీడీల గంప చూసుకుంది, ఆ తర్వాత మోచెయ్యి చూసుకుంది. ఆ సాయంత్రమే గార్డు చేసి బిగించాను. ఇక అప్పటి నుంచి జాలీ లేని బండి కనిపిస్తే పిలిచి మరీ చేసిపెట్టేవాణ్ని. మా ఊళ్లో సగం బండ్లకు నా గార్డులే.

అయినా అసలు తప్పు గార్డు చేయడం కాదు. బండిని గోడ పక్కన పెట్టి, ఎడమవైపు నుంచి బాగుందని, ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టడం.

ఊళ్లో మా ఇంటి అరుగు మీద పొద్దున్నుంచి ఆడవాళ్లు చేరి బీడీలు చుడతారు. చేతులు ఖాళీగా ఉండవు గానీ నోళ్లు ఖాళీగానే ఉంటాయి. ఫోటో అక్కడికి చేరింది. బండిని ఎవరూ చూడలేదు, జాలీని చూశారు. ఫుట్‌రెస్టులను చూశారు. ఆడ చీరెవలు కడ్తరు అని ఒకరన్నారట. ఇండ్లల్ల పనికి కడపోళ్లు, గోదావరోళ్లు ఉంటరు గదా అని ఇంకొకరన్నారట. మధ్యాహ్నం నేను అన్నం తింటుంటే నా భార్య నుంచి ఫోనొచ్చింది.

"బండి కొన్నవట."

"కొన్న."

"మంచిదే. ఎనుక చక్రం కాడ గా జాలేంది?"

"శారీ గార్డు."

"అది నాకెర్కే. ఎవలు గూసుంటున్నరని అడుగుతున్న."

ఎవరూ కూర్చోవడం లేదని చెప్పాను. చేతులు అలవాటుగా చేశాయని చెప్పాను. చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. ఆమె మెల్లగా, "అందరు నా మొకం చూస్తున్నరు," అంది. "బండన్న అమ్ము, లేకుంటే నాతోని మాట్లాడకు."

"బండి అమ్మ. నీతోని మాట్లాడుడు బంజెయ్య," అన్నాను. ఫోను పెట్టేసింది.

కోపం వచ్చింది, దాచేదేం లేదు. బాధ కూడా కలిగింది. ఇన్నేళ్లలో ఆమె నన్ను ఒక్కసారి కూడా అనుమానించలేదు. మామ నన్ను పక్కకు పిలిచి, "పోనీ అల్లుడా, గా జాలీ కోసెయ్. ఇంకో ఫోటో పెట్టు. అయిపోతది," అన్నాడు. ఉన్నదాన్ని కోసేసి, లేదని ఫోటో పెడితే తప్పు చేసినవాణ్ని నేనే అవుతానని చెప్పాను. నేను ఏ తప్పూ చేయలేదు. బండీ ఉంటుంది, జాలీ ఉంటుంది, నా భార్యా ఉంటుంది అన్నాను. మూడూ ఉండవురా అని మామ తల పట్టుకున్నాడు.

బండి రోడ్డెక్కాలంటే ఇన్‌స్పెక్షన్ కావాలి. అది దాటితేనే ముల్కియా, అంటే బండి కార్డు, నా పేరు మీద చేతికొస్తుంది. పికప్‌లో వేసుకుని తీసుకుపోయాను. చూసిన అధికారి వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. లైట్లు వేయమన్నాడు, వెలిగాయి. హారన్ కొట్టమన్నాడు, మోగింది. బ్రేకు చూశాడు, సైలెన్సరు దగ్గర చెయ్యి పెట్టి చూశాడు, అద్దాలు కదిపి చూశాడు. నా గుండె కాస్త తేలికపడుతుండగా ఎడమవైపుకు వచ్చి ఆగాడు. ఒమానీల్లో చాలామందిలాగే ఆయనకూ హిందీ వచ్చు.

"యే క్యా హై?"

చీర గురించి, కొంగు గురించి, ఒక పక్కకు కూర్చోవడం గురించి చేతులతో చూపిస్తూ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"మదామ్ కిదర్ హై?"

"ఇండియా."

"మదామ్ ఇండియా మే, జాలీ ఒమాన్ మే," అని నవ్వాడు. ఇది ఈ బండితో వచ్చిన సామాను కాదు, తీసేసి మళ్లీ రా అన్నాడు. ఆయన నవ్వులో ఎగతాళి ఏమీ లేదు. కానీ ఆ మాట నాకు గట్టిగా తగిలింది, ఎందుకంటే ఊరంతా అంటున్నదీ అదే. బండి అక్కడ పాసు కాలేదు.

ఇప్పుడు అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. చట్టం తీసెయ్యమంది, మామ తీసెయ్యమన్నాడు, ఊరు తీసెయ్యమంది, పెళ్లాం బండినే తీసెయ్యమంది. ఇంతమంది ఒక పక్కనుంటే నాకు మొండితనం ఇంకా పెరుగుతుంది, అది పుట్టుకతో వచ్చింది, మా అమ్మను అడిగినా చెబుతుంది. రెండోసారి వెళ్లినప్పుడు గేటు బయట నీడలో పికప్ ఆపించి, పానా తీసి, బోల్టులు విప్పి గార్డును సంచిలో వేసి పికప్ సీటు కింద పెట్టాను. అదే అధికారి చూశాడు, ఖాళీగా ఉన్న చోటు వైపు తలూపాడు, పాసు చేశాడు. కాగితాలు నా పేరు మీదికి మారాయి. నంబరు ప్లేటు బిగించుకుని, బండి మొదటిసారి తన చక్రాల మీద తాను రోడ్డెక్కింది. ఊరు దాటాక పక్కకు ఆపి, సంచిలో వెంట తెచ్చుకున్న గార్డు మళ్లీ బిగించాను. తప్పే. తెలిసే చేశాను.

అక్కడి నుంచి వాదీలోకి దిగాను. మొదటి రాయి మీద చక్రం ఎగరగానే ఫుట్‌రెస్టుల మీద నిలబడ్డాను. హ్యాండిల్‌ను రెండు చేతులా బిగించి పట్టుకున్నాను. కాసేపటికి బండి దారి అదే వెతుక్కోవడం మొదలుపెట్టింది. రెండు పక్కలా కొండలు, ముందు తోటల పచ్చదనం, ముఖానికి ఎదురుగాలి. ఎవరినీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, ఇన్నేళ్లలో మొదటిసారి నేను నాకిష్టమైన చోటికి పోతున్నాను. సంతోషంతో గట్టిగా కేక వేశాను. ఇది చూడాల్సిన మనిషి నాతో మాట్లాడడం లేదు, అదొక్కటే లోపం.

బండి ఆపి ఫోటో తీశాను, మళ్లీ ఎడమవైపు నుంచే. స్టేటస్ పెట్టలేదు, ఆమె ఒక్కదానికే పంపాను. కాసేపటికి ఫోను మోగింది.

"గా జాలీ ఇంక తియ్యలే నువ్వు."

"తియ్య."

"ఎందుకు తియ్యవు?"

"నీకోసం చేసిందది. నువ్వు వద్దనేదాంక తియ్య."

"నేనేడున్న ఆడ?"

"రా మరి."

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. మా ఊళ్లో గల్ఫ్‌కు పోయినవాడి భార్య ఊళ్లో ఉంటుంది, అంతే. చూడ్డానికి రావడం మేనేజర్ల భార్యలు చేసే పని. ఆమె తిడుతుందని ఎదురుచూశాను.

"పాస్‌పోర్టున్నది నా దగ్గర," అంది.

నేను నోరు తెరిచాను. ఎప్పుడో, నేను గల్ఫ్‌లో కుదురుకోకముందు, తనే గల్ఫ్‌కు ఇళ్లలో పనికి పోదామని తీయించుకుందట. వాళ్ల నాన్న కాళ్లు విరగ్గొడతానంటే బియ్యం డబ్బాలో దాచిపెట్టిందట. ఇన్నేళ్లూ నాకు కూడా చెప్పలేదు. నేనొక్కణ్నే మొండివాణ్నని అనుకుంటూ వచ్చాను.

అర్బాబ్‌కు చెబితే విజిట్ వీసా పని చేయించాడు. టీ కొట్టు మలయాళీ వాళ్ల మేడ మీద గది కొన్నాళ్లకు ఇచ్చాడు. మా బిడ్డను తన తల్లిగారింట్లో వదిలి, ఆమె అరుగు మీద అందరూ చూస్తుండగా సూట్‌కేసు లాక్కుంటూ బస్సెక్కిందట. ఎక్కడికి అని అడిగితే, జాలీ చూడ్డానికి పోతున్న అని చెప్పిందట.

మస్కట్ విమానాశ్రయంలో ఆమె బయటికి వస్తుంటే మొదట పోల్చుకోలేదు. పంజాబీ డ్రెస్సు వేసుకుంది, కాళ్లకు కొత్త బూట్లు. నన్ను చూసి నవ్వలేదు. దారంతా పికప్ కిటికీలోంచి కొండలనే చూస్తూ కూర్చుంది.

మరునాడు శుక్రవారం. పొద్దున్నే టీ తాగి కిందికి దిగింది. బండి గోడ పక్కనే ఉంది. చుట్టూ తిరిగి చూసింది. వంగి గార్డు మీద చెయ్యి పెట్టి, అతుకుల మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. ఊళ్లో మా పాత బండికి వేసిన వంపే, అదే అల్లిక, ఆమెకు తెలియకపోదు. చాలాసేపు అలాగే వంగి ఉంది.

"గిదేనా," అంది చివరికి.

"గిదే."

"మన పాత బండిది గూడ గిట్లనే ఉండె."

"నాకు వచ్చింది గదొక్కటే."

కళ్లు తుడుచుకుంది, నన్ను చూడనివ్వలేదు. ఆమె కోసం కొన్న హెల్మెట్ ఇచ్చాను, పెట్టుకుంది. నేను ఎక్కి బండి స్టార్ట్ చేసి, ఆమె ఎప్పటిలాగా ఎడమవైపు ఒక పక్కకు కూర్చుంటుందని కాస్త వంచి పట్టుకున్నాను. ఆమె నా భుజం పట్టుకుని, ఫుట్‌రెస్టు మీద ఒక కాలు పెట్టి, రెండో కాలు సీటు మీదుగా అటు వేసింది. మడమ గార్డుకు కొట్టుకుని ఠంగుమంది.

"ఇది కాలికి తాకుతున్నది. తియ్యిది."

"అది కొంగు..."

"కొంగేడున్నది? నేనేమన్న బీడీల గంపనా, ఒక్క పక్కకు వెట్టుకోనీకి? తియ్యి."

చట్టానికి లొంగలేదు, మామకు లొంగలేదు, ఊరికి లొంగలేదు. బండి ఆపి, దిగి, పానా తెచ్చుకుని నేల మీద కూర్చున్నాను. మేడ మెట్ల మీద నుంచి మలయాళీ చూస్తున్నాడు. మామ అప్పుడే వచ్చి, ఏం జరుగుతోందో తెలియక నిలబడిపోయాడు. బోల్టులు ఒక్కొక్కటే విప్పి గార్డు ఊడదీశాను. చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. మామ చేతికిచ్చి, రూమ్‌లో పెట్టమన్నాను.

రోడ్డు మీద ఆమె నా నడుము పట్టుకుని కూర్చుంది. వాదీలోకి దిగాక మెల్లగా పోనిచ్చాను. రాళ్లు వచ్చినప్పుడు నేను నిలబడ్డాను. భయపడుతుందేమోనని అడగబోయేంతలో నా రెండు భుజాల మీదా బరువు పడింది, గట్టిగా. ఏమైందోనని అద్దంలో చూశాను. రోడ్డెక్కడానికి కావాలన్నారని ఎక్కడో వెతికి తెచ్చి బిగించిన అద్దం. అందులో ఆమె ముఖం కనిపించలేదు, మోకాళ్లు, నడుము, అంతవరకే కనిపించాయి.

నా వెనక ఆమె కూడా నిలబడి ఉంది.